మనీ: రోమ్ కొండ మీద గుడి నుంచి మన జేబులోకి

డబ్బుకి పేరు పెట్టేటప్పుడు ఏ భాషైనా ముందు చేతిలో ఉన్నదాన్నే చూస్తుంది. మన ‘డబ్బు’ ఒకప్పుడు ఒక చిన్న రాగి నాణెం పేరు. ఆ నాణెం ఎప్పుడో చెల్లుబాటు కాకుండా పోయింది, పేరు మాత్రం మొత్తం ధనానికి అంటుకుని నిలిచింది. ఫ్రెంచివాళ్లు వెండికీ డబ్బుకీ ‘ఆర్జాన్’ అనే ఒకే మాట వాడతారు. పాత రోమన్ల మాట ‘పెకూనియా’లో పశువు ఉంది. ‘పెకుస్’ అంటే మంద, పశుసంపద. సంస్కృతంలోని ‘పశు’ దానికి దగ్గర చుట్టం. ఇంగ్లిష్‌లో పాత మాట ‘ఫెయోహ్’ కూడా ఆ కుటుంబంలోదే. దానికీ పశువులు, సొత్తు అని రెండర్థాలూ ఉండేవి. ఇప్పుడు మనం స్కూళ్లకీ డాక్టర్లకీ కట్టే ‘ఫీజు’ వెనక ఉన్నది కూడా ఈ పాత పశువేనని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

ఇంగ్లిష్ ‘మనీ’ ఈ వరసలో ఇమడదు. అందులో లోహం లేదు, పశువు లేదు, లెక్క లేదు. రోమ్ నగరంలో ఒక కొండ మీద ఒక దేవతకి గుడి కట్టారు. ఆ దేవత బిరుదు ‘మొనేటా’. నాణేలు ముద్రించే కార్ఖానా ఆ గుడి దగ్గర పెట్టారు కాబట్టి కార్ఖానాకి ఆ పేరొచ్చింది, కార్ఖానాలో తయారైన సరుక్కీ ఆ పేరే వచ్చింది. అంటే ‘మనీ’ పుట్టుకలో ఒక చిరునామా ఉంది. గుడి ఇంకో కొండ మీద ఇంకో దేవతకి కట్టి ఉంటే ఇవాళ ప్రపంచమంతా వేరే మాట పలుకుతూ ఉండేది.

ఆ కొండ పేరు కాపిటోలైన్. దానికి రెండు శిఖరాలు. ఒకదాని మీద జూపిటర్ మహాలయం, ఉత్తరం వైపు ఉన్న రెండోదాని మీద ‘ఆర్క్స్’ అనే కోట. గుడి కట్టింది ఈ కోట శిఖరం మీద. క్రీ.పూ. 345లో ఔరుంకులనే పొరుగు జాతితో యుద్ధం జరుగుతుండగా, సేనని నడిపిస్తున్న డిక్టేటర్ (ఆపదలో కొద్దికాలానికి సర్వాధికారాలూ అప్పగించిన అధికారి) లూసియస్ ఫ్యూరియస్ జూనో మొనేటా దేవతకి గుడి కట్టిస్తానని మొక్కుకున్నాడని చరిత్రకారుడు లివీ రాశాడు. మరుసటి ఏడాదే గుడి ప్రతిష్ఠ జరిగింది. స్థలం కూడా సామాన్యమైంది కాదు. అంతకుముందు అక్కడ మార్కస్ మాన్లియస్ అనే వీరుడి ఇల్లుండేది. గాల్ జాతివాళ్లు రోమ్ మీద పడ్డప్పుడు రాత్రివేళ కోట ఎక్కుతున్న శత్రువుల్ని కిందికి నెట్టినవాడు అతనే. తర్వాత రాజు కావాలని కుట్ర చేశాడన్న నేరం మోపి అతన్ని కొండ మీంచి తోసి చంపారు, ఇల్లు నేలమట్టం చేశారు. ఆ ఖాళీ జాగాలో వచ్చిందే ఈ గుడి.

ఇక్కడే ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. గాల్ సైన్యం చప్పుడు లేకుండా కొండెక్కుతుంటే కుక్కలు కూడా మొరగలేదట, జూనోకి అంకితమైన పెద్దబాతులు అరిచి మాన్లియస్‌ని లేపాయట. అవి హెచ్చరించాయి కాబట్టి దేవతకి ‘హెచ్చరించే జూనో’ అనే అర్థంలో మొనేటా అని పేరొచ్చిందని చెబుతారు. కథ బాగానే ఉంది, చిక్కు తేదీల్లో ఉంది. గాల్ దాడి సంప్రదాయ లెక్క ప్రకారం క్రీ.పూ. 390లో జరిగింది, గుడి వచ్చింది 344లో. బాతుల సంగతి వివరంగా రాసిన లివీ ఆ సందర్భంలో మొనేటా పేరు ఎత్తలేదు, గుడి గురించి రాసినచోట బాతుల్ని తలుచుకోలేదు. ఒకే చోటికి, ఒకే దేవతకి చెందిన రెండు కథల్ని తర్వాతివాళ్లు కలిపి కుట్టారనుకోవడమే న్యాయం.

మరి రోమన్లు స్వయంగా ఏం చెప్పుకున్నారు? రోమన్ వక్త, రచయిత సిసెరో శకునాల మీద రాసిన గ్రంథంలో ఒక వివరణ ఉంది. ఒకసారి భూకంపం వచ్చినప్పుడు కోట మీద ఉన్న జూనో గుడిలోంచి ఒక స్వరం వినిపించి, శాంతికోసం చూడి పందిని బలివ్వమని చెప్పిందట. ‘మొనేరె’ అంటే హెచ్చరించడం, గుర్తుచేయడం. అందుకని దేవత మొనేటా అయిందని ఆ వాదన. అదే గ్రంథం రెండో భాగంలో సిసెరో దీన్ని పక్కన పెట్టేశాడు. ఆ పంది సంగతి తప్ప ఈ మొనేటా మనల్ని ఎప్పుడు దేని గురించి హెచ్చరించింది అని అడిగాడు.

ఇంకో కథ చాలా ఆలస్యంగా, 10వ శతాబ్దపు బైజాంటిన్ నిఘంటువు ‘సూదా’లో దొరుకుతుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో గ్రీకు రాజు పిర్రస్‌తో జరిగిన యుద్ధంలో రోమన్ల ఖజానా అడుగంటింది. ఏం చెయ్యాలని జూనోని అడిగితే, న్యాయం తప్పకుండా పోరాడండి, డబ్బుకి లోటు రాదని చెప్పిందట. గెలిచాక వాళ్లు నాణేల పనిని ఆమె గుడి నీడకి చేర్చారని కథ. జరిగినదానికి పన్నెండు వందల ఏళ్ల తర్వాతి పుస్తకం ఇది. చరిత్రగా నమ్మడం కష్టం, కానీ ‘గుడికీ నాణేనికీ సంబంధమేమిటి’ అనే ప్రశ్న అన్ని శతాబ్దాలు జనాన్ని వదల్లేదని మాత్రం తెలుస్తుంది.

భాషాశాస్త్రం వైపు నుంచి చూస్తే ‘మొనేరె’తో ముడిపెట్టడంలో ఒక అడ్డంకి ఉంది. ఆ క్రియ నుంచి మామూలుగా వచ్చే రూపం ‘మొనిటా’, దానికి ‘హెచ్చరిక అందుకున్నది’ అని అర్థం. హెచ్చరించే స్త్రీ అనాలంటే ‘మొనిట్రిక్స్’ అనాలి. ‘మొనేటా’లో ఆ దీర్ఘం ఎక్కణ్ణుంచి వచ్చిందో మామూలు సూత్రాలతో తేలదు. అందుకే కొందరు పండితులు దీన్ని కొండ అనే అర్థమున్న ‘మోన్స్’ వైపు తిప్పి చూశారు.

ఇంత గందరగోళంలోనూ గట్టిగా పట్టుకోదగ్గ ఆధారం ఒకటుంది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో లివియస్ ఆండ్రోనికస్ అనే కవి హోమర్ ఒడిస్సీని లాటిన్‌లోకి తెచ్చాడు. గ్రీకుల్లో జ్ఞాపకశక్తికి అధిదేవత, కళాదేవతలకి తల్లి అయిన నెమోసిని పేరు వచ్చినచోట అతను వాడిన లాటిన్ పేరు మొనేటా. అంటే అప్పటికే రోమన్ల చెవికి ఈ పేరులో ‘గుర్తుచేయడం’ వినిపిస్తోంది. గుడిలో భద్రపరిచిన వస్తువులు కూడా ఆ అర్థానికే బలమిస్తాయి. ఏ ఏడాది ఎవరు పదవిలో ఉన్నారో రాసిన నారబట్ట పుస్తకాలు అక్కడ ఉండేవి. రోమన్ల ప్రమాణ అడుగుని ‘మొనేటా అడుగు’ అనేవాళ్లు. దాని పొడవు సుమారు 29.6 సెంటీమీటర్లు. పేర్ల జాబితా, కొలత, నాణెం మూడూ ఒక గుడి పేరుతో ముడిపడి ఉండటం యాదృచ్ఛికం అనిపించదు. రాజ్యం మర్చిపోకూడనివి, ఎవరూ మార్చడానికి వీల్లేనివి ఆ దేవత చేతిలో పెట్టారు. హెచ్చరిక కంటే జ్ఞాపకం వైపే మొగ్గడం సబబు.

‘మొనేరె’ సంబంధం నిజమైతే ఈ చుట్టరికం మన దాకా వస్తుంది. దాని ధాతువూ సంస్కృతంలో ‘మనస్సు’, ‘మంత్రం’ పుట్టిన ధాతువూ ఒకటే. క్లాసులో అల్లరి చేసినవాళ్ల పేర్లు బోర్డు మీద రాసే మానిటర్ కూడా ‘మొనేరె’ సంతానమే.

ఇక నాణేల కార్ఖానా సంగతి. రోమ్‌లో వెండి నాణేల ముద్రణ క్రీ.పూ. 269లో మొదలైందని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. రోమన్ల పేరు మోసిన వెండి నాణెం దినారియస్ మాత్రం కార్తేజ్ సేనాని హానిబాల్‌తో యుద్ధం నడుస్తుండగా, సుమారు క్రీ.పూ. 211లో వచ్చిందని నేటి చరిత్రకారులు తేల్చారు. ‘దినారియస్’ అంటే పదింటిది అని అర్థం, ఆస్ అనే కంచు నాణేలు పదింటి విలువ దానిది. తొలిరోజుల్లో బరువు నాలుగున్నర గ్రాములు. ముద్రణ పనిని చూసే ముగ్గురు అధికారుల సంఘం ఒకటుండేది. కంచు, వెండి, బంగారం పోతపోయించి అచ్చుకొట్టించే ముగ్గురు అని వాళ్ల పూర్తి హోదా. చాలా నాణేల మీద ఆ ఏడాది అధికారి పేరు కనపడుతుంది.

వాళ్లలో టైటస్ కారిసియస్ అనే అతను క్రీ.పూ. 46లో కొట్టించిన దినారియస్ ఒకటి ప్రపంచంలోని పెద్ద మ్యూజియంలు చాలావాటిలో ఉంది. దాన్ని కాసేపు నిదానంగా చూడాలి. ఒకవైపు జుట్టు ముడేసుకున్న స్త్రీ ముఖం, పక్కన ‘మొనేటా’ అని అక్షరాలు. రెండోవైపు మధ్యలో దాగలి మీద బిగించే కింది అచ్చు, దాని పైన పూలదండ వేసిన పై అచ్చు, ఎడమవైపు పట్టకారు, కుడివైపు సుత్తి, చుట్టూ ఆకుల దండ. తను ఎలా తయారైందో నాణెం తన ఒంటి మీదే చూపిస్తోంది. పని జరిగింది సరిగ్గా అలాగే. వెండి బిళ్లని వేడిచేసి, పట్టకారుతో కింది అచ్చు మీద పెట్టి, పైన రెండో అచ్చు ఆనించి సుత్తితో ఒక్క దెబ్బ వేస్తే రెండు వైపులా బొమ్మ పడుతుంది. చేత్తో కొట్టినవి కాబట్టి పాత దినారియస్‌లలో బొమ్మ ఒక పక్కకి జరిగి ఉండటం మామూలే. పనిముట్లకీ దేవతకీ సమాన గౌరవం ఇచ్చిన ఈ నాణెం, గుడి పేరు పని పేరుగా ఎలా మారిందో ఏ నిఘంటువూ చెప్పనంత బాగా చెబుతుంది.

ఆ తర్వాత పేరు గుడిని వదిలి నడవడం మొదలుపెట్టింది. క్రీ.శ. 1వ శతాబ్దం చివరికి ముద్రణాలయం కాపిటోలైన్ కొండ దిగి, కీలియన్ కొండ వైపు ఇప్పుడు సాన్ క్లెమెంతే చర్చి ఉన్న ప్రాంతానికి మారింది. తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలం నుంచే బంగారు, వెండి నాణేలు చాలావరకు గాల్ దేశంలోని లుగ్డునుమ్‌లో, అంటే నేటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో ముద్రించేవాళ్లు. చోటు మారినా మాట మారలేదు. ఎక్కడ నాణేలు కొడితే అది మొనేటా, కొట్టిన నాణెమూ మొనేటా, దాని మీద ముద్రా మొనేటా. కాపిటోలైన్ గుడి ఉన్న కోట శిఖరం మీద ఇప్పుడు సాంతా మరియా ఇన్ ఆరాచేలీ చర్చి ఉంది.

ఇంగ్లిష్‌లోకి ఈ మాట రెండుసార్లు, రెండు వేర్వేరు దారుల్లో వచ్చింది. మొదటిసారి వచ్చేనాటికి అసలు ఇంగ్లండే లేదు. యూరప్ ఉత్తరాన ఉన్న జర్మానిక్ తెగలు రోమన్లతో వ్యాపారం చేస్తూ, రోమన్ సైన్యంలో జీతానికి పనిచేస్తూ నాణెంతోపాటు మాటనీ తీసుకున్నారు. వాళ్లు ప్రతి మాటనీ మొదటి అక్షరం మీద ఊనిక పెట్టి పలుకుతారు. ఆ ఊనిక కింద ‘మొనేటా’ తోక అరిగి ‘మునిటా’ లాంటి రూపం అయింది. పాత ఇంగ్లిష్‌లో అది ‘మ్యునెట్’, జర్మన్‌లో ‘ముంజె’, డచ్‌లో ‘ముంట్’. ఇంగ్లిష్ రూపం ఇంకా అరిగి ‘మింట్’ అయింది. ముందు దానికి నాణెం అనే అర్థం ఉండేది, తర్వాత నాణేలు కొట్టే చోటు అనే అర్థం స్థిరపడింది. (చట్నీలో వేసే పుదీనా ‘మింట్’ వేరే లాటిన్ మాట ‘మెంతా’ నుంచి వచ్చింది. దీంతో దానికి సంబంధం లేదు.)

పాత ఇంగ్లిష్‌లో నాణేలు కొట్టేవాణ్ణి ‘మ్యునెటెరె’ అనేవాళ్లు. 10వ శతాబ్దంలో ఏథెల్‌స్టాన్ రాజు గ్రేట్లీలో ప్రకటించిన చట్టాల్లో వీళ్ల గురించి ఒక నిబంధన ఉంది. కల్తీ చేశాడని రుజువైతే, ఏ చేత్తో తప్పు చేశాడో ఆ చెయ్యి నరికి ముద్రణశాల మీదే తగిలించాలి. డబ్బు మీద నమ్మకం నిలబెట్టడానికి రోమన్లు దేవతని కాపలా పెట్టారు, ఆంగ్లో సాక్సన్ రాజు నరికిన చేతిని పెట్టాడు.

రెండో దారి ఫ్రెంచి మీదుగా వచ్చింది. జర్మానిక్ తెగల నోట్లో తోక పోతే, లాటిన్ నుంచి పుట్టిన భాషల్లో నడుము కరిగింది. అక్కడ ఊనిక ‘నే’ మీదే నిలిచింది కాబట్టి ఆ అచ్చు బతికింది, దాని తర్వాత ఉన్న ‘ట’ మెత్తబడింది. స్పానిష్ ‘మొనెడా’లో అది ‘డ’ దగ్గర ఆగింది. పాత ఫ్రెంచిలో పూర్తిగా మాయమై ‘మొనెయె’ అయింది. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక రాజసభ, కోర్టులు ఫ్రెంచిలో నడిచాయి. ఆ భాషతోపాటు ‘మొనెయె’ ఇంగ్లిష్‌లోకి దిగి, 13వ శతాబ్దం చివరికల్లా మామూలు మాట అయిపోయింది. తర్వాత ఇంగ్లిష్ అలవాటు ప్రకారం ఊనిక మళ్లీ మొదటికి జరిగి ‘మనీ’ అయింది. అప్పటికే ఉన్న ‘మింట్’ని అది తోసెయ్యలేదు. పాత మాట కార్ఖానాని ఉంచుకుంది, కొత్త మాట అందులోంచి వచ్చే సరుకుని తీసుకుంది. ఒకే లాటిన్ మాటకి పుట్టిన ఇద్దరూ ఇలా పని పంచుకోవడం ఇంగ్లిష్‌లో తరచూ కనపడుతుంది, కానీ ఇంత శుభ్రంగా జరగడం అరుదు. ఆ తర్వాత చాలా కాలానికి చదువుకున్నవాళ్లు లాటిన్ పుస్తకాల నుంచి నేరుగా ‘మానిటరీ’ని తెచ్చారు. రిజర్వ్ బ్యాంకు మానిటరీ పాలసీ కమిటీ పేరులో మొనేటా ముఖం మిగతా రెండిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది.

చిత్రమేమిటంటే, మనీ అనే మాటకి పురిటిల్లైన భాషల్లో దాని సంతానానికి ఇంత పెద్ద స్థానం దక్కలేదు. ఇటాలియన్ ‘మొనేతా’, స్పానిష్ ‘మొనెడా’ నాణెం, కరెన్సీ దగ్గరే ఆగిపోయాయి. ఫ్రెంచి ‘మొనే’ అంటే చిల్లర, కరెన్సీ. స్పానిష్‌లో డబ్బు అనాలంటే ‘దినేరో’ అంటారు, పోర్చుగీసులో ‘దిన్యేరు’. ఈ రెండూ దినారియస్ పిల్లలు. లాటిన్ మొనేటాకి పూర్తి పట్టాభిషేకం జరిగింది దూరంగా ఉన్న ఇంగ్లిష్‌లోనే.

దినారియస్ ప్రయాణం మన నేల మీదుగా కూడా సాగింది. ఏ ఏడాదీ 5 కోట్ల సెస్టెర్షియస్ నాణేలకి తగ్గకుండా ఇండియా రోమ్ దగ్గర గుంజుకుంటోందని 1వ శతాబ్దంలో ప్లినీ వాపోయాడు. నూరు సెస్టెర్షియస్‌లు ఒక బంగారు ఆరియస్. ఆ లెక్కన ఏటా 5 లక్షల బంగారు నాణేలు, మూడున్నర టన్నులకి పైగా బంగారం. ప్లినీ రోమన్ల విలాసాల మీద కోపంతో రాశాడు కాబట్టి అంకెని అక్షరాలా తీసుకోనక్కర్లేదు. వ్యాపారం జరిగిందనడానికి మాత్రం మన భూమే సాక్ష్యం. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో వెయ్యికి పైగా వెండి దినారియస్‌లు ఒకేచోట దొరికాయి, అవి అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. దక్షిణ భారతంలో దొరికే దినారియస్‌లలో రెండు రకాలే ఎక్కువ. ఒకటి అగస్టస్ మనవలిద్దరూ డాళ్లు పట్టుకుని నిలబడ్డ బొమ్మది. రెండోది టైబీరియస్ ముఖం, వెనక కూర్చున్న స్త్రీమూర్తి ఉన్నది. రెండూ లుగ్డునుమ్‌లో కొట్టినవే. బంగారు నాణేలకి చిల్లులు పొడిచి, కొక్కేలు తగిలించి మనవాళ్లు మెడలో వేసుకున్నారు. ఆ నాణేలకి మట్టితో చేసిన నకళ్లు సంగారెడ్డి జిల్లా కొండాపూర్ తవ్వకాల్లో బయటపడ్డాయి. కాసులపేరు వేసుకున్న తెలుగింటి ఆడవాళ్లకి ఈ ఆలోచన కొత్తగా ఉండదు.

నాణెం వెనకే మాటా వచ్చింది. గ్రీకుల నోట ‘దెనారియోన్’ అయి, ఇక్కడ ‘దీనార’మైంది. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి కాలపు నాగార్జునకొండ శాసనమొకటి, మహాదేవి రుద్రధర భట్టారిక మహాచైత్యానికి ఒక రాతి స్తంభాన్నీ 170 ‘దినారి మాషకాల’నీ ఇచ్చిందని చెబుతుంది. కృష్ణ ఒడ్డున బౌద్ధ చైత్యానికి రాసిన దానపత్రంలో లాటిన్ మాట! గుప్తుల బంగారు నాణేలకీ దీనారమనే పేరు. పదిహేనో శతాబ్దానికి శ్రీనాథుడు విజయనగరంలో తనకి జరిగిన కనకాభిషేకాన్ని ‘దీనార టంకాల తీర్థమాడించితి దక్షిణాధీశు ముత్యాలశాల’ అని చెప్పుకున్నాడు. ఆయన నోట దీనారం అచ్చంగా మన మాటే, ఎక్కడో పుట్టిందన్న వాసన కూడా మిగల్లేదు. బ్రిటన్‌లో మాత్రం 1971 ఫిబ్రవరి 15న కొత్త లెక్క వచ్చేదాకా పెన్నీకి గుర్తు ‘పి’ కాదు, దినారియస్‌లోని ‘డి’.

హైదరాబాద్‌లో నిజాం ప్రభుత్వం 1903లో సైఫాబాద్‌లో టంకశాల కట్టింది. అప్పుడు ‘మింట్’ అనే మాట ఊరి పేర్లలో చేరింది. 1997లో ముద్రణ చర్లపల్లికి మారిపోయినా, నగరంలో కరెంటు సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న ఆవరణని ఇప్పటికీ ‘మింట్ కాంపౌండ్’ అనే అంటారు. రోమ్‌లో చోటు పేరు నాణేనికి వచ్చింది. సైఫాబాద్‌లో నాణెం పేరు చోటుకి వచ్చింది. చర్లపల్లిలో కొట్టిన నాణేన్ని గుర్తుపట్టడం తేలికే: రూపాయి బిళ్ల తిప్పి చూస్తే, సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం ఉంటుంది.